వెంకటేశం కాక ఇచ్చిన రక్తనాళం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా అమ్మ ఆ మాట అబిడ్స్ అంతా వినేలా చెబుతుంది. కానీ ఆ వారం నా కోపంలో న్యాయం ఉంది.

మూడు నెలలుగా నాంపల్లి స్టేషన్ వెనక వెంకటేశం కాక మటన్ దుకాణం నుంచి మేక గుండెకు అంటుకుని ఉండే పెద్ద రక్తనాళం తెచ్చుకుంటున్నాను. తెల్లగా, శుభ్రంగా ఇస్తాడు. కాలేజీ ల్యాబులో దాన్ని పట్టీలుగా కోసి, మిషన్‌కు బిగించి, ఎంత లాగితే ఎంత సాగుతుందో లెక్కలు తీసి కంప్యూటర్‌కు ఇస్తాను. వాటితో అది తెర మీద ఒక రక్తనాళం బొమ్మ కడుతుంది. లెక్కలు సరైనవైతే ఆ బొమ్మ నెత్తురు ఒత్తిడికి ఉబ్బి, మళ్ళీ సర్దుకోవాలి. నాది ఉబ్బదు.

"ఇది రక్తనాళమా, నల్లా పైపా?" అన్నారు మా గైడ్ రత్నాకర్ సార్. "శుక్రవారం రివ్యూలోపు సరికాకుంటే వేరేవాళ్ళు అచ్చేసిన లెక్కలు పెట్టెయ్ స్వర్ణా."

వేరేవాళ్ళ లెక్కలతో పట్టా తీసుకుంటే ఇక నేను చేసిందేముంది? మిషన్‌ను తిట్టాను, సాఫ్ట్‌వేర్‌ను తిట్టాను. చివరికి ఏడుపొచ్చింది.

బుధవారం పొద్దున ఎప్పటికన్నా గంట ముందే దుకాణానికి వెళ్ళాను. కాక నాకిచ్చే రక్తనాళాన్ని మసిలే నీళ్ళలో ముంచి తీసి, ఉప్పుతో రుద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ కాకా?"

"కడుగుతున్న బిడ్డా. సదువుకునే పిల్లవు, నెత్తురు గిత్తురుతోని ఎట్లిస్త? మొదటి దినం సంది గిట్లనే ఇస్తున్న."

మసిలే నీళ్ళు తగిలితే మాంసం ముడుచుకుని గట్టిపడుతుందని కూర వండే ఎవరికైనా తెలుసు. మూడు నెలలు నేను లాగింది సగం ఉడికినదాన్ని. తిట్టు నోటిదాకా వచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా అందిస్తుంటే మింగేశాను. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

"రేపటి సంది కడగకుండనే ఇయ్యి కాకా."

"గలీజుంటది బిడ్డా."

"ఉండనియ్యి. నాకు గట్లనే కావాలె."

గురువారం సాయంత్రానికి తెర మీది రక్తనాళం ఉబ్బింది. సర్దుకుంది. మళ్ళీ ఉబ్బింది. సార్ కుర్చీ దగ్గరకు లాక్కుని మూడుసార్లు చూసి, "నీ లెక్కలే పెట్టు" అన్నారు. ఆ రోజు నాకున్నంత సంతోషం ఊళ్ళో ఎవరికీ ఉండి ఉండదు.

శుక్రవారం రివ్యూ గట్టెక్కాక నేరుగా వెళ్ళి, కాకకు ఫోనులో ఆ వీడియో చూపించాను. చేతులు తుడుచుకుని ఫోను తీసుకున్నాడు. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చూశాడు.

"ముప్పయ్యేండ్ల సంది కోస్తున్న బిడ్డా," అన్నాడు మెల్లగా. "నా చేతికొచ్చేటాళ్లకు అది ఆగిపోయే ఉంటది. పాణమున్నప్పుడు గిట్ల కొట్టుకుంటదని ఇయ్యాల్నే చూసిన."

ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను.