మంచం కింద నాలుగు ఇటుకలు

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నెలలో మూడోసారి బస్సెక్కారు ఫణీంద్ర, అతని అత్త వాసవాంబ. దారి పొడుగునా ఆమె గొంతు దాకా ఎగదన్నే పులుపును మింగుతూనే ఉంది. సిరివెళ్ల దాటేసరికి అతనికి ఓపిక పోయింది.

"నిజం చెప్పు అత్తా. రాత్రి ఊరగాయ తిన్నావా?"

"జాడీ అటక మీద పెట్టింది నువ్వే గదా. ఎగిరేదానికి నాకు రెక్కలున్నాయా?"

"మరి మాత్ర?"

"అన్నానికి అర్ధగంట ముందర, గడియారం మొగం మీద పెట్టి నువ్వే మింగిస్తాండావు గదప్పా!"

ఫణీంద్ర కిటికీ వైపు తిరిగాడు. ఇరవై ఏళ్లుగా ఎనిమిదో తరగతికి జీర్ణవ్యవస్థ పాఠం చెబుతున్నాడు. తన ఇంట్లో ఒక్క కడుపును దారికి తేలేకపోతున్నాడు.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టర్ దేవదానం రిపోర్టు చూసి, ఆమె ఒళ్లోని గుడ్డసంచి అడిగి తీసుకున్నాడు.

"ఈ మూతికి నాడా ఉంది గదమ్మా. అన్నం దిగే గొట్టం అడుగున గూడా ఇట్లాంటిదే కండరం ఒకటుంటాది. ముద్ద దిగేటప్పుడు వదులైతాది, మళ్లా బిగుసుకుంటాది." నాడా లాగి, దాని మీద పిడికిలి బిగించాడు. "ఊపిరికి పనిచేసే డయాఫ్రం ఇట్ల చుట్టూ పట్టుకొని దానికి సాయం చేస్తాది. నీకు ఈ పిడికిలి సందు పెద్దదైంది. కడుపు పైభాగం దాంట్లోంచి ఎదలోకి జరిగింది. నాడా ఒకచోట, పిడికిలి ఒకచోట అయినాయి. అందుకే పండుకుంటే పులుపు పైకొస్తాది. మంచం తలవైపు ఎత్తు చేసినారా?"

"కాలుకు రెండేసి ఇటుకలు సార్. స్కేలుతో కొలిచి పెట్టినా," అన్నాడు ఫణీంద్ర.

"దిండ్లు పేర్చలేదు గదా? మెడ వంగి పొట్ట నొక్కుకుంటాది."

"ఒకటే దిండు."

డాక్టరు సంచి తిరిగిచ్చి, గడ్డం గోక్కున్నాడు. "పదైదు దినాలు చూస్తాం. అప్పటికీ ఇంతే ఉంటే ఆపరేషన్‌కు కర్నూలుకు రాసిస్తా. సందు కుట్టి, కడుపు పైభాగాన్ని గొట్టం చుట్టూ తిప్పి బిగిస్తారు."

వాసవాంబ సంచి నాడాను వేలికి చుట్టుకుంది. పోయిన కార్తీకంలో ఆమె కూతురు, ఫణీంద్ర భార్య గాయత్రి, ఆపరేషన్ గదిలోకి నడిచి వెళ్లింది. నడిచి రాలేదు. ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకోరు.

ఆరు రోజులు గడిచాయి. పులుపు తగ్గలేదు. ఏడో రోజు ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఫణీంద్ర మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, నడిమి గదిలోకి తొంగిచూశాడు.

వాసవాంబ మంచం మీద నిద్రపోతోంది. ఇటుకల మీద ఎత్తుగా ఉన్న వైపు కాళ్లు. దిగువన తల.

"అత్తా!"

ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"ఆ ఇటుకలు దేనికి పెట్టినా నేను? నీ కాళ్లకు సింహాసనమా?"

"మధ్యానం కొంచేపే గదప్పా..."

"రాత్రిళ్లు?"

ఆమె దిండును పక్కకు జరిపింది.

"పొద్దున చూస్తే దిండు ఎగువనే ఉంటాది గదా?"

"లేస్తానే నేనే తీసి ఆడ పెడతాండా. నువ్వు అరుస్తావని."

ఫణీంద్ర గోడకు ఆనుకున్నాడు. మూడు బస్సు ప్రయాణాలు. రెండుసార్లు గొట్టం దింపి చేసిన పరీక్ష. పెరుగన్నం తప్ప ఇంకోటి ఎరగని నెల. "ఎందుకు? ఆ ఒక్కటీ చెప్పు. ఎందుకు?"

"ఎదురుగ్గా చూడు."

చూశాడు. మంచానికి దిగువన గోడ మీద గాయత్రి పటం. పదకొండో రోజున అతనే మేకు కొట్టి తగిలించాడు.

"డాక్టరు చెప్పినట్ల పండుకుంటే నా కాళ్లు బిడ్డ మొగానికి వస్తాయి. ఎట్ల పండుకునేది?"

"పటం తీయమని ఒక్క మాట అంటే పోయేది గదా!"

"దినామూ బడికి పోయేముందర ఆడ నిలబడతావు నువ్వు." ఆమె చీర అంచు సర్దుకుంది. "ఏ నోటితో అడిగేది?"

అతని కోపం అట్లాగే ఉంది గానీ, దాన్ని ఎవరి మీద వదలాలో తెలియలేదు. వంటగదిలోకి పోయి సుత్తి తెచ్చాడు. పటం దించాడు. దాని వెనక గోడ సున్నం తెల్లగా మిగిలి ఉంది. ఎగువ గోడకు మేకు కొట్టి, పటం తగిలించాడు.

"వంకరగా ఉంది. ఎడమపక్క కొంచెం పైకెత్తు," అంది వాసవాంబ.

"ముందు నువ్వు పండుకో అత్తా."

ఆమె దిండు తెచ్చుకుని, ఎగువన తల పెట్టి పడుకుంది. అతను కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"పులుపు వస్తాందా?"

"పండుకొని ఐదు నిమిషాలు గాలేదు. అప్పుడే పరీక్ష పెడతాండావా?"

డాక్టరు పెట్టిన గడువుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అతను లేచి, పటం ఎడమ పక్క కొద్దిగా ఎత్తాడు.

"ఇప్పుడు?"

ఆమె పడుకున్న చోటి నుంచి పటం కనబడదు.

"సరిగ్గా ఉంది నాయనా," అంది వాసవాంబ.