కదిలితేనే లేచే గీత

గౌరికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. బొమ్మ ఆగిపోయినా, పిల్ల ఆగిపోయినా ఫోన్లో ఒకేలా కనిపిస్తాయి.

పిల్ల పేరు చిన్నతల్లి. ఏడాదిన్నర. కిందటి నెల జ్వరంలో ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేసింది. అప్పటి నుంచి గరివిడిలో కేబుల్ ఆఫీసుకి పనికొచ్చే ముందు, గెడ్డవలసలోని ఇంట్లో పాత ఫోను గూట్లో నిలబెట్టి, కెమెరా పిల్ల చాప మీదికి తిప్పి వస్తోంది గౌరి. ఇవాళ పొద్దున్న పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉంది. జాతర రోజు మానేస్తే ఉద్యోగం ఉండదు. మందు పోసి, అత్త తవిటమ్మకి అప్పగించి వచ్చింది.

తొమ్మిదో తరగతిలో బడి మానేసిన గౌరి ఇళ్ళకి నెట్టు పంచే ఈ పని చూసి చూసి నేర్చుకుంది. బొమ్మలో ఏదీ కదలకపోతే అది నెట్టు కొంచెమే లాగుతుంది. కదలిక పెరిగేకొద్దీ కంప్యూటర్లో వాడకం చూపించే గీత పైకి లేస్తుంది. గెడ్డవలస మొత్తానికి ఉన్నది పది ఎంబీల నెట్టు. జాతర లైవ్ ఊళ్ళోంచి ఆఫీసుకి రావాలన్నా, తిరిగి ఊళ్ళో టీవీలకి పోవాలన్నా అదే దారి. ఘటాలు మెల్లగా నడుస్తున్నంతసేపూ మూడు ఎంబీలు చాలు. తప్పెటగుళ్ళ వాళ్ళు గుండెల మీది తప్పెట్లు వాయిస్తూ ఎగరడం మొదలెట్టారా, గీత ఎనిమిది దాటేస్తుంది. అప్పుడు ఎవరి నెట్టో ఒకరిది కొయ్యాలి. ఎదురింటివాళ్ళది ముందు కోస్తే రేపు బోరింగు దగ్గర మొహం ఎలా చూపించడం? అందుకని తన ఇంటిది ముందు, కాస్త మిగిల్చి, కోసింది. తర్వాత అందరివీ కొయ్యక తప్పలేదు.

నాలుగున్నరకి ఫోన్లో చిన్నతల్లి ముక్కలు ముక్కలై ఆగిపోయింది. బోర్లా పడుకుని, ఎడమ చెయ్యి ఒంటి కింద పెట్టుకుని ఉంది. పది నిమిషాల తర్వాతా అంతే.

గౌరి లేచి తలుపు లాగింది. రాలేదు. బయట తాళం. జాతరలో కెమెరా పక్కనున్న ఓనరు అప్పలసూరికి ఫోన్ చేసింది.

"సూరి మావా, తాళం ఏసీసినారేటి?"

"ఎయ్యనా మరి? కిందటేడు కుర్రోళ్ళు లోపలికొచ్చి, క్రికెట్టు పెట్టమని నీ కుర్సీనే ఎత్తుకుపోనారు కదే!"

"పిల్లకి బాగోనేదు మావా. ఇంటికెల్లాల."

"ఇంటికాడ మీ అత్త నేదేటి? ఒక్క గంట. ఘటాలు సర్పంచి గారి గుమ్మం కాడికొస్తన్నాయి. బొమ్మ ఆగిందో, నన్ను ఈదిలో నిలబెట్టి కడిగేస్తారు."

పెట్టేశాడు.

గౌరి తన ఇంటికి రెండు ఎంబీలు తిరిగి ఇచ్చింది. లైవ్ చెదిరింది గానీ ఫోన్లో బొమ్మ తేటపడింది. కిటికీ కర్టెను గాలికి ఊగుతోంది. అంటే బొమ్మ ఆగలేదు. పిల్లే కదలడం లేదు. కంప్యూటర్లో తన ఇంటి గీత నేలకి అతుక్కుని, కర్టెను ఊగినప్పుడల్లా ఒక్క పిసరు లేచి పడుతోంది.

నిద్రేనేమో. మందు మత్తేమో. ఊపిరి తీస్తే వీపు లేవాలి కదా. గూటి నుంచి అంత దూరానికి అది తెలియదు.

"అత్తా! ఓ అత్తా!" అని ఫోన్లోకి అరిచింది. పలుకు లేదు. తల తిప్పి లైవ్ చూసింది. ఆడవాళ్ళు ఘటాలు మోసేవాళ్ళ కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోస్తున్నారు. వాళ్ళలో ఆకుపచ్చ చీరలో చెంబు పట్టుకుని తవిటమ్మ. ఆమెకి ఫోను లేదు. ఇంటికి మూడు వీధుల అవతల.

ఫోన్ మోగింది. అప్పలసూరి.

"ఒసే గౌరీ! టీవీలో సర్పంచి గారి మొకం పెంకుముక్కల్లాగుందట. ఏటి సేస్తన్నావు?"

"మా అత్త మీ కెమెరా ఎదరే ఉన్నాది మావా! ఆకుపచ్చ సీర. పిల్ల ఒక్కర్తే ఉన్నాది, ఇంటికెల్లమని సెప్పండి!"

"ఏటీ? తప్పెట్ల గోలలో ఏటీ ఇనపడ్డం నేదు. ముందు బొమ్మ సూడు!"

మళ్ళీ పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. మొగుడు ఉమాశంకర్ ఫ్యాక్టరీ షిఫ్టులో ఉన్నాడు, ఫోను గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి పోవాలి. ఎదురింటి నీలవేణికి నాలుగు సార్లు చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

లైవ్ కింద సర్పంచి గారి శుభాకాంక్షలు పరిగెడుతున్నాయి. ఆ అక్షరాలు పొద్దున్న టైపు చేసింది గౌరే. జాతరకి నడిచి రాలేని ముసలివాళ్ళు, బాలింతలు ఊళ్ళో టీవీల ముందే ఉంటారు. శుభాకాంక్షలు చెరిపేసి, కొత్తవి కొట్టింది. కానీ బొమ్మతోపాటు అక్షరాలూ ముక్కలైపోతున్నాయి. ఎవరూ చదవలేరు. లైవ్ తేటపడాలంటే మళ్ళీ ఎవరిదో కొయ్యాలి. మిగిలింది ఒక్క ఇల్లే.

చిన్నతల్లిని ఇంకొక్కసారి చూసుకుని, తన ఇంటి లైను సున్నా చేసింది. ఫోన్లో కర్టెను, చాప, పిల్ల నల్లగా అయిపోయాయి. లైవ్ తేటపడింది. కింద అక్షరాలు మెల్లగా కదిలాయి.

"గెడ్డవలసలో ఇది చదువుతున్నవారికి మనవి. వాటర్ ట్యాంకు వెనక సందులో తవిటమ్మగారి ఇల్లు. తలుపు చేరవేసే ఉంటుంది. లోపల చాప మీద పాప ఒక్కతే ఉంది. జ్వరంగా ఉంది. దయచేసి ఇప్పుడే వెళ్ళి, పాపని ఒకసారి కదిపి చూడండి."