మెట్లెక్కి కూర్చున్న ఆడపడుచు

ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. దర్జీ వదినకు దొరికిన ఆడపడుచు మాత్రం అర్ధం కాదు కదా, వీసం మొగుడు కూడా కాదు. నోట్లో వేలు పెట్టినా కొరకడం తెలియని మనిషి. ఏళ్ల తరబడి బజారులోని పెద్ద బట్టల దుకాణంలో గుడ్డలు పరిచి చూపించడం, వచ్చినవాళ్లు వెళ్లాక మళ్లీ మడతపెట్టడం ఆమె పని.

వదినకు మొగుడు పోయి ఏడాది దాటింది. అప్పటినుంచీ ఆవిడ కుట్టుమిషను జోలికి పోలేదు. ఒకప్పుడు ఆవిడ నోటికి జడిసి కూరగాయల బండివాడు తూకం సరిగ్గా వేసేవాడు. ఇప్పుడు ఎవరైనా తలుపు తడితే లేచి తీసే ఓపిక కూడా లేదు. రాత్రి కంటి మీదికి కునుకు రాదు, పగలు మంచం దిగదు. డాక్టరు మందు మార్చాడు, మోతాదు పెంచాడు. చివరికి "నలుగురిలోకి వెళ్తుండమ్మా" అన్నాడు.

"ఆ నలుగురూ ఎలాగూ మోసుకెళ్లడానికి వస్తారు, తొందరేముంది డాక్టరు గారూ" అంది వదిన.

ఒక సాయంత్రం ఆడపడుచు పని నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడిపోయింది. చెప్పులు ఊడి రావడం లేదు. పాదాలు వాచిపోయి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడ్డాయి. వదిన మంచం దిగివచ్చి, కత్తెరతో పట్టీలు తెంపి, బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి ఆ కాళ్లు అందులో పెట్టింది. పిక్కల మీద నరాలు తాళ్లలా పైకి తేలి ఉన్నాయి. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నాళ్లూ ఇవి తన కంట ఎలా పడలేదో ఆవిడకు అర్థం కాలేదు.

"ఎప్పటినుంచి అమ్మాయ్ ఇది?"

"అక్కడ కూర్చోకూడదు కదా వదినా."

"బేరాలు లేనప్పుడు కూడానా?"

"ఎవరూ లేకపోయినా సరే. మేం కూర్చుంటే దుకాణానికి కళ పోతుందట."

ఆ రోజు జరిగింది అప్పుడు బయటపెట్టింది. పక్క బల్ల దగ్గర పనిచేసే పిల్లకు నెలలు నిండుతున్నాయి. మధ్యాహ్నం కళ్లు తిరిగి పడిపోయింది. మేనేజరు మొహాన నీళ్లు చల్లించి, "ఇంటికి పో, కాన్పయ్యాక చూద్దాం" అని పంపేశాడు. తక్కినవాళ్లంతా తలలు వంచుకుని గుడ్డలు మడతపెట్టుకుంటూ ఉండిపోయారు.

"రేపటినుంచి నేను కూర్చుంటాను" అంది ఆడపడుచు, నీళ్లలోకి చూస్తూ.

వదినకు నవ్వొచ్చింది. "పిల్లి మెడలో గంట నువ్వు కడతావా? ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే ఊడనీ. ఇట్లాగే ఉంటే కాళ్లే ఊడతాయి."

అన్నంత పనీ చేసింది. మర్నాడు బేరాలు పలచబడ్డ వేళ సరుకు వచ్చిన చెక్కపెట్టె ఒకటి తిరగేసి దాని మీద కూర్చుంది. మేనేజరు పరుగున వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"కాళ్లు లాగుతున్నాయండి. ఎవరైనా వస్తే లేస్తాను."

"కూర్చోవాలనుకుంటే బయటికి పోయి కూర్చో."

సరేనంది. బయటికి వెళ్లి దుకాణం మెట్ల మీదే కూర్చుంది.

పక్కింటావిడ ఆ కబురు మోసుకొచ్చేసరికి వదిన నెత్తిన పిడుగు పడ్డట్టయింది. చెయ్యి పట్టుకుని ఇంటికి ఈడ్చుకొద్దామని బయల్దేరింది. వీధి దాటి వెళ్లి ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. దారి పొడుగునా తిట్లు కూడగట్టుకుంది. తీరా అక్కడికి వెళ్తే, ఎవరితో మాట్లాడాలన్నా కొంగు నలుపుకునే ఆ పిల్ల నడుం నిటారుగా పెట్టి, వచ్చేపోయేవాళ్ల చూపులన్నీ భరిస్తూ కూర్చుని ఉంది. కూడగట్టుకున్న తిట్లలో ఒక్కటీ పైకి రాలేదు.

"ఎండలో ఏంటమ్మా ఇది, లే."

"నువ్వే కాసేపు కూర్చో వదినా."

వదిన కూర్చుంది.

వెళ్లేవాళ్లు ఆగి ఏమిటని అడిగేవారు. ఆడపడుచు కొంగు నలుపుకునేది. వదిన ఊరుకోగలదా? "లోపలికి వెళ్లండమ్మా, కావలసినవి కొనుక్కోండి. కాకపోతే మీకు చూపించే పిల్లలు పొద్దుటినుంచీ నిలబడే ఉన్నారు, కాస్త త్వరగా తేల్చండి" అనేది. కొందరు నవ్వి లోపలికి పోయారు. కొందరు సిగ్గుపడి వెనక్కి తిరిగారు. ఆ దుకాణంలో ఎప్పుడూ బట్టలు కొనే ఒక ముసలావిడ మాత్రం, "నా మోకాళ్లకు కూడా లోపల కూర్చునే దిక్కులేదే తల్లీ" అంటూ వాళ్ల పక్కనే చతికిలబడింది.

ఆ రాత్రి వదిన మందు సంగతే మరిచిపోయి నిద్రపోయింది. తెల్లారి ఆడపడుచు లేపితే గాని మెలకువ రాలేదు.

ఆ తర్వాతి రోజుల్లో మెట్ల మీద జనం పెరిగారు. కళ్లు తిరిగి పడ్డ పిల్ల మొగుడు వచ్చాడు. ఎదురుగా ఉన్న చెప్పుల దుకాణం ఆడవాళ్లు భోజనాల వేళ వచ్చి కూర్చునేవారు. చివరికి ఒక మధ్యాహ్నం లోపలివాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అన్నం తిన్నారు. మళ్లీ లోపలికి వెళ్లలేదు.

బల్లలన్నీ బోసిపోయాయని తెలిసి యజమాని కారులో దిగాడు. వాలకం చూసి నోరున్న మనిషి వదినేనని పోల్చుకుని, "ఏమమ్మా, ఏం కావాలి మీకు?" అన్నాడు. వదిన గొంతు సవరించుకునేలోపు ఆడపడుచు లేచి నిలబడింది. కొంగు నలుపుకుంటూనే చెప్పింది.

"బేరం లేనప్పుడు కూర్చోనివ్వాలండి. పంపేసిన పిల్లను కాన్పయ్యాక మళ్లీ తీసుకోవాలి. కొనడానికి వచ్చే పెద్దవాళ్లకు బెంచీలు వేయాలి." ఆగి, యజమాని వెనక ఉన్న మేనేజరు వైపు చూసింది. "మేనేజరు గారికి కూడా ఒక కుర్చీ వేయించండి. ఆయనా పొద్దుటినుంచీ మాతోపాటు నిలబడే ఉంటారు."

మేనేజరు ఏదో అనబోయి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆలోచిస్తాను" అన్నాడు యజమాని.

"నిదానంగా ఆలోచించండి బాబూ. మేం కూర్చునే ఉంటాం" అంది వదిన.

వారం తిరక్కుండా బల్లల వెనక స్టూళ్లు, గోడ వారగా బెంచీలు, మేనేజరుకో కుర్చీ వచ్చాయి. బెంచీలు వచ్చాక కొనేవాళ్లు తీరిగ్గా కూర్చుని మరో నాలుగు రకాలు చూస్తున్నారని, అదంతా తన ఆలోచనేనని యజమాని ఇప్పుడు అందరితో చెప్పుకుంటాడు. మేనేజరు కసరడం తగ్గించాడు. ఆయనది కోపం కాదు, కాళ్ల నొప్పులని పనివాళ్లు తేల్చారు. కళ్లు తిరిగి పడ్డ పిల్ల కాన్పయ్యాక పసిగుడ్డును తన తల్లికి అప్పగించి మళ్లీ పనిలో చేరింది.

వదిన ఇంటి తలుపు ఇప్పుడు మూసి ఉండదు. కుట్టించుకునే పని ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ వస్తూనే ఉంటారు. ఒక ఆదివారం జనం సద్దుమణిగాక ఆవిడ ఆడపడుచును అడిగింది.

"అంత ధైర్యం ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే?"

"ధైర్యమా? నువ్వు వచ్చిన ఆ పూట, ఇక లేచి ఇంటికి పోదామనే అనుకుంటున్నాను వదినా. నువ్వొచ్చి పక్కన కూర్చున్నావు. ఇక లేవబుద్ధి కాలేదు."

వదిన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేచి, "పద, చెప్పుల దుకాణం వాళ్లు రమ్మన్నారుగా. అక్కడ పాపం మరుగుదొడ్డికి కూడా పోనివ్వరట" అంది.