రెండు పొట్లాల మట్టి

చాంద్యా శవాన్ని కాటారం అడవిలో బండ్లబాట పక్కన పడుకోబెట్టారు. చేతి దగ్గర ఒక నాటు తుపాకీ. చుట్టూ పోలీసులు, వాళ్ల వెనక తండా జనం. 1983 మే నెల. పొద్దున ఎనిమిదికే ఎండ మండుతోంది.

పంచనామాకు ఊరి అధికారి, పోలీస్ పటేల్ రాంచందర్‌ను పిలిపించారు. ఆయన సంతకం లేనిదే శవం కదలదు.

"రాసుకోండి పటేల్ గారూ," అన్నాడు ఎస్సై జగన్మోహన్. "తెల్లవారుజామున ఇక్కడే ఎదురుకాల్పులు జరిగాయి. ముద్దాయి చనిపోయాడు."

"అబద్ధం," అంది చాంద్యా భార్య గోరీ. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెకు లాఠీలు అడ్డం పెట్టారు. "నిన్న పగటీలి గోదారి అవతల, మా అన్న పత్తిచేన్ల నా మొగణ్ని జంపిండ్రు. మఫ్టీల నలుగురొచ్చి చేతులు కట్టి కాల్చిండ్రు. పడవల ఏసుకొచ్చిండ్రు. నేను ఎనక పడవల వచ్చిన, పటేలా."

రాంచందర్‌కు అర్థమైంది. బీడీలు చుట్టే తునికాకు కోతకు కూలి పెంచమని చాంద్యా సమ్మె చేయించాడు. వారెంటు రాగానే మహారాష్ట్రకు దాటాడు. అక్కడ పట్టుకోవాలంటే ఆ రాష్ట్ర పోలీసులకు చెప్పాలి, అక్కడి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. వీళ్లకు అంత ఓపిక లేదు. ఇప్పుడు ఈ ఒడ్డున చచ్చాడని కాగితం పుడితే అవతలివాళ్లు మాకేం సంబంధం అంటారు. గోరీ కేసు ఎక్కడా నిలవదు.

"సార్, ఈడ నెత్తురు చుక్క లేదు."

"ఉందిగా." ఎస్సై ఒక పొట్లం చేతిలో పెట్టాడు. "మావాళ్లు ముందే ఎత్తిపెట్టారు. మామూలు మట్టి మీరు తీసి రెండూ సీలు చేయండి."

ఇరవై ఏళ్లుగా పటేలు చేస్తున్న పనే అది. శవం పడ్డచోట నెత్తుటి మట్టి ఒక పొట్లం, పక్కన మామూలు మట్టి ఒక పొట్లం. రెండూ ఒకే నేలవో కాదో ల్యాబ్ తేలుస్తుంది.

ఆయన పొట్లం విప్పాడు. గడ్డకట్టిన నల్లరేగడి. కాలికింద చూశాడు. ఎర్ర చెలక. ఈ చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా అదే. నల్లరేగడి కావాలంటే గోదారి దాటాలి. చంపినచోటి మట్టే ఎత్తుకొచ్చారు. నాగలి పట్టనివాళ్లకు ఏ మట్టయినా ఒకటే.

పటేలు కలం తీసి రాశాడు. రాసింది పైకి చదివాడు. "పోలీసులిచ్చిన నెత్తుటి మట్టి నల్లరేగడి. శవం కింద నేల ఎర్ర చెలక. నేల మీద నెత్తురు లేదు."

"రంగు ఎవడడిగాడు? కొట్టేయండి."

"పంచనామల కొట్టివేతలుండొద్దని మీరే చెప్తిరి గద సార్."

ఎస్సై దగ్గరికి వచ్చాడు. "వాడు ఆకు గోదాములు తగలబెట్టించాడు. నది దాటితే చేతులు ముడుచుకు కూర్చోవాలా?"

"పట్టుకోవాలె. రేపు అవతలి పోలీసులు మఫ్టీల వచ్చి మిమ్మల్ని మీ వాకిట్ల కాలిస్తే గది కూడ ఎదురుకాల్పులేనా?"

గోరీ నవ్వింది. వినలేని నవ్వు. "గీ ఒడ్డున కాలిస్తె ఒప్పైతుండెనా, పటేలా? నా మొగడు జర తక్కువ సచ్చేటోడా?"



"కాదు బిడ్డా," అన్నాడు పటేలు. " ఏ ఒడ్డునైనా హత్యనే. గని అవతల జంపినమని చెప్పే మొఖం వీళ్లకు లేదు. గా అబద్ధం కాడనే దొరుకుతరు."

రెండో పంచగా, అంటే సాక్షిగా, తండా మనిషి జాల్యా వేలిముద్ర వేశాడు. పటేలు కాలికింది ఎర్రమట్టి ఇంకో పొట్లం కట్టి, రెండింటికీ లక్క సీలు కొట్టి, సంతకం పెట్టి అసలు కాగితం ఎస్సైకి ఇచ్చాడు. తన దగ్గర ఉండాల్సిన కార్బన్ నకలు గోరీ చేతిలో పెట్టాడు.

"పడవెక్కు. అవతలి మేజిస్ట్రేటుకు చూపు."

జగన్మోహన్ చెయ్యి రివాల్వర్ మీదికి పోయింది. రాంచందర్ బాటకు అడ్డంగా నిలబడ్డాడు.

"కాల్చుండ్రి సార్. గిది మీ హద్దే."

తండా ఆడవాళ్లు గోరీ చుట్టూ మూగారు. కానిస్టేబుళ్లు అడ్డం పెట్టిన లాఠీలు తీయలేదు. ఆడవాళ్లు వాటిని తోసుకుంటూనే రేవు వైపు నడిచారు.