ఆకు అడుగున బూజు

చోమా పట్నంలో పెళ్లిఫొటోలు తీసే లుయాండో ఒక పాత మాక్రో లెన్స్ కొనుక్కుంది. చీమ కాలి మీది నూగును కూడా చూపించే లెన్స్ అది. ఆమెకు పని నేర్పిన హచిబాంబా మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఫోకస్ రింగుతో కుస్తీ పట్టకు తల్లీ. నువ్వే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుగు. ఊపిరి బిగబట్టు. గాలి లేవకముందే తీసెయ్," అన్నాడు.

మర్నాడు తెల్లవారగానే లుయాండో తన తల్లి మొక్కజొన్న చేలో దిగింది. మొదటి పాతిక ఫొటోలూ అలుక్కుపోయాయి. చీమను తీస్తే మీసం తేలింది, తల మసకబారింది. కదలనిదైతే మేలనుకుని, ఒక ఆకు అడుగున గోరంత బూజు మచ్చకు గురిపెట్టింది. తెర మీద పెద్దది చేసి చూసి బిగుసుకుపోయింది. అది బూజు కాదు. బూడిదరంగు నూగు కింద, వరస మీద వరసగా గుడ్లు. వందకు తక్కువ ఉండవు.

మూడోనాటికి గుడ్లు పగిలాయి. నల్లతలల పురుగులు సన్నటి దారాలకు వేలాడుతూ గాలివాటున పక్క మొక్కలకు చేరుతున్నాయి. లెన్స్ దించి చూస్తే చేను ఎప్పటిలాగే పచ్చగా ఉంది.

ఫొటో చూడగానే తల్లి ముఖం పాలిపోయింది. "లోయ ఊళ్ల చేలను ఊడ్చేసినవి ఇవేనే!"

పక్కచేను చిలాలా మాత్రం నవ్వింది. "ఆ గాజుబిళ్లకేం, గోరంతను కొండంత చేస్తుంది. నా చేను నాకు తెలీదా? పోయి పెళ్లికూతుళ్లను తీసుకో, పో!"

"ఒక్కసారి వచ్చి చూడత్తా."

"నా చేలో లేవులే."

తల్లీకూతుళ్లు ఎనిమిది రోజులు మొక్కమొక్కనూ వెతికి గుడ్లు నలిపారు, మొవ్వుల్లో బూడిద కలిపిన ఇసుక పోశారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం గట్టు అవతల సన్నటి చిటపట వినిపించింది. ఆకాశంలో మబ్బు లేదు; అది పురుగులు ఆకులు కొరికే చప్పుడు. చిలాలా చేలో ఆకులన్నీ జల్లెడలయ్యాయి; అక్కడ పురుగు ఎప్పుడో ముందే పట్టినట్టుంది. ఆమె నడిమధ్యన నిలబడి ఉంది.

"నీ గాజుబిళ్ల పట్రా, తల్లీ," అంది. "ఏవి బతుకుతాయో చూద్దాం."

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని మొవ్వు మొవ్వూ వెతికారు. పదింట మూడు మొక్కలే మిగిలాయి. పొద్దు గూకేవేళ లుయాండో నడుం పట్టుకుని లేచింది. ఎండిన ఆకుల్లోంచి, ఆ గుడ్లు పెట్టే బూడిదరంగు రెక్కలపురుగులు ఒక్కొక్కటే లేచి, గట్టు దాటి, తల్లి చేను మీద వాలుతున్నాయి.