సనియ్యా చెప్పిన వీధి

మా ఆయన వగ్దీ చాలా ఊళ్ళు గీశారు. కైరో డాబాల మీద ఆరేసిన బట్టలు, అలెగ్జాండ్రియా సముద్రపు గోడ, ట్యూనిస్ నీలం తలుపులు, డమాస్కస్ సందులు. ఏ ఊరెళ్ళినా కాళ్ళు పీకేదాకా వీధులు తిరిగాకే రంగులు కలిపేవారు. పుట్టిన ఊరు సూయెజ్‌ని మాత్రం ఎన్నడూ గీయలేదు.

అరవై ఏడులో యుద్ధం వచ్చేనాటికి ఆయన చిన్నపిల్లాడు. కాలువ అవతలి ఒడ్డు నుంచి గుండ్లు పడుతుంటే ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. వాళ్ళ కుటుంబం పరుపులతో సహా లారీ ఎక్కి కైరో వచ్చి, ఒక బడిలో తరగతి గదిని ఇంకో కుటుంబంతో పంచుకుంది. మధ్యలో దుప్పటి కట్టుకున్నారు. కొన్నేళ్ళకి తిరిగి వెళ్ళొచ్చన్నప్పుడు మా మామగారు ఒక్కరే వెళ్ళి చూసి వచ్చారు. వీధి ఉన్నచోట ఇటుకల గుట్టలున్నాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో సూయెజ్ మాట ఎవరూ ఎత్తలేదు.

చాన్నాళ్ళకి, ఆయన డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యాక, సూయెజ్ నుంచి మాగ్దా అనే డాక్టరు మా ఇంటికొచ్చింది. అక్కడి ఆస్పత్రిలో కిడ్నీ రోగులకి కొత్త వార్డు కట్టాలని, అందుకోసం కైరోలో బొమ్మల అమ్మకం పెడుతున్నామని, ఆయన్ని కూడా ఒకటి ఇమ్మని అడిగింది. గోడవారగా ఉన్నవాటిలో ఏదైనా తీసుకోమన్నారు ఆయన.

ఆ అమ్మాయి అన్నీ ఓపిగ్గా చూసి, "మాస్టారూ, సూయెజ్ వాళ్ళ కోసం అడిగితే ట్యూనిస్ ఇస్తారా?" అంది.

ఆయన చల్లారిన టీ గ్లాసు కింద పెట్టి, నెల తర్వాత రమ్మని పంపేశారు.

మర్నాడే మొదలుపెట్టారు కానీ బొమ్మ కదల్లేదు. తమ చెక్క బాల్కనీ, దాని కమ్మీల సందుల్లోంచి కనిపించే నేల, ఎదురుగా ఒక బొగ్గు కొట్టు. ఇంతకు మించి ఏమీ జ్ఞాపకం రాలేదు. చివరికి వాళ్ళక్క సనియ్యాని పిలిపించారు. ఊరు వదిలేనాటికి వదినకి పెళ్ళీడు. ఆ తర్వాత తపాలా గుమాస్తాని చేసుకుంది, పిల్లల్ని కంది, భర్త పోయాడు.

వారం రోజులు వదిన మా సోఫాలో కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, వీధిని ఇల్లిల్లూ చెప్పుకొచ్చింది. రొట్టెల బట్టీ ఎక్కడ, దర్జీ అరుగు ఎక్కడ, చివర్న నౌకలు ఏ మలుపులో కనిపిస్తాయి, అతాకా కొండ మీద సాయంత్రం ఏ రంగు పడుతుంది. ఆవిడ చెప్తుంటే ఈయన గీసేవారు. మునిగిపోయిన వీధి నీటిలోంచి పైకి తేలినట్టు బొమ్మలో ఒక్కో ఇల్లూ బయటికొచ్చేది. నేను వంట మాడబెట్టుకుని మరీ విన్నాను.

ఒక్కచోట మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది. ఎదురుగా ఉన్నది బొగ్గు కొట్టు కాదు, పడవలు బాగుచేసే రమదాన్ ఇల్లంది వదిన. ఆకుపచ్చ కిటికీ, గోడకి చేరేసిన తెడ్లు, మేకుకి తగిలించిన సిమ్సిమియ్యా వీణ.

"అక్కా, నల్లటి బస్తాలు నాకు బాగా గుర్తు," అన్నారు ఈయన.

"నీకప్పుడు ముక్కు తుడుచుకోవడమే రాదు. వీధి గుర్తుందంటావా? గీయరా."

ఆయన గీశారు. బొమ్మ పూర్తయ్యాక వదిన చాలాసేపు చూసింది. కిటికీ రంగు ఇంకాస్త ముదురుగా ఉండాలంది. మెల్లిగా, దీన్ని అమ్మకానికి ఇవ్వకపోతే ఏం అనడిగింది. మాటిచ్చేశానన్నారు ఆయన.

అమ్మకం రోజున హాల్లో ఎన్నో బొమ్మలున్నా, కైరోలో స్థిరపడిపోయిన సూయెజ్ ముసలివాళ్ళంతా మా బొమ్మ దగ్గరే గుమిగూడారు. కొనే స్తోమత ఉన్నవాళ్ళు తక్కువే. వేళ్ళు చూపించి తమ ఇళ్ళు వెతుక్కుంటున్నారు. వాళ్ళలో కర్ర పట్టుకున్న ఫూలీ అనే పెద్దాయన, ఒకప్పుడు ఆ వీధిలోనే కుర్చీలు చేసేవాడట, ముందుకొచ్చి కళ్ళజోడు సరిచేసుకున్నాడు.

"అంతా బానే ఉంది గానీ బాబూ, రమదాన్ ఇల్లు ఇక్కడ కాదు. మూడు వీధుల అవతల. ఇక్కడ బొగ్గు కొట్టుండేది."

ఆయన తిరిగి అక్క వంక చూశారు. అందరూ చూశారు. వదిన తల వంచుకోలేదు.

"నాకు తెలుసు," అంది. "నేను బాల్కనీలోకొస్తే చూడ్డానికి రోజూ మూడు వీధులు నడిచొచ్చేవాడు. బొమ్మలోనైనా ఎదురుగా ఉండనిద్దామనుకున్నా."

రమదాన్ లారీ ఎక్కలేదనీ, గాయపడినవాళ్ళని మోయడానికి ఊళ్ళోనే ఉండిపోయాడనీ, ఒక గుండుకి పోయాడనీ అక్కడున్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. తెలియనిది మాకే. తోడబుట్టిన తమ్ముడు కూడా ఆ పేరు వెనక ఏముందో వాళ్ళ నోట అప్పుడే విన్నారు. ఆయన మెల్లిగా అక్క చెయ్యి పట్టుకుని, కావాలంటే బొమ్మ వెనక్కి తీసుకుంటానన్నారు. వదిన వద్దని తలూపింది.

ఫూలీ గొంతు సవరించుకున్నాడు. "బొగ్గు కొట్టువాడు ఎలాగూ తూకంలో దొంగ. వాడు పోయినా నష్టం లేదు. ఆ ఇల్లే ఉండనీ అమ్మా."

వదిన నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

బొమ్మని నౌకలకి సరుకులు అందించే ఒక వర్తకుడు కొన్నాడు. ఇంటికి తీసుకెళ్ళకుండా, వార్డులోనే తగిలించమని మాగ్దాకి ఇచ్చేశాడు.

చలికాలంలో వార్డు తెరిచినప్పుడు ముగ్గురం సూయెజ్ వెళ్ళాం. లారీ ఎక్కిన రోజు తర్వాత అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ ఊళ్ళో అడుగుపెట్టడం అదే. మంచాల మీద రోగులు ఆ బొమ్మ చూస్తూ ఏ ఇల్లు ఎవరిదని పక్కవాళ్ళతో వాదించుకుంటున్నారు. వదిన కాసేపు విని, ఆ వీధి ఉన్నచోటు చూపించమని మాగ్దాని అడిగింది. అక్కడిప్పుడు అపార్ట్‌మెంట్లు, కింద సెల్‌ఫోన్ల కొట్టు, దాని ముందు వేయించిన చేపల బండి. వదిన అటూ ఇటూ చూసి, ఒకచోట నిలబడింది. మనిల్లు ఇక్కడే అంది. ఈసారి ఆయన పేచీ పెట్టలేదు.

చేపలు తిన్నాం. తిన్నాక ఆయన చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఎదుటి అరుగంచున కూర్చుని బొమ్మల పుస్తకం తీశారు. సెల్‌ఫోన్ల కొట్టు, దాని మీద ఎర్రబోర్డు, చేపల బండి మీది పొగ. నాకు తెలిసి పుట్టిన ఊరిని కళ్ళతో చూస్తూ ఆయన గీసిన మొదటి గీతలు అవే.

వదిన వెనక నిలబడి చూస్తూ, "ఆ చేపలవాడికి మీసం పెట్టవేంరా?" అంది.