పడవలు ఆగిన రోజు గోడ మీద నా ఉత్తరం

మా ఫెర్రీ కంపెనీ ఆఫీసు బోడో రేవులో ఉంది. అందులో కంప్యూటర్ల సంగతి చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. నాలుగు దీవుల్లో మాకు ప్రయాణికుల గదులున్నాయి. ప్రతి గదిలోనూ కౌంటరు కింద ఒక సర్వరు, గోడ మీద పెద్ద తెర, దాని మీద పడవల వేళలు. ఎక్కడ తేడా వచ్చినా నేను కుర్చీలోంచి లేవనక్కర్లేదు. ఇక్కణ్ణుంచే నా కంప్యూటరును అక్కడి సర్వరుకు కలిపితే అక్కడి తెర మొత్తం నా తెర మీదికి వచ్చేస్తుంది. నేను ఇక్కడ మౌసు కదిపితే అక్కడ గోడ మీద బాణం కదులుతుంది. ఈ విద్యలో నన్ను మించినవాడు తీరం పొడుగునా లేడని నా నమ్మకం. ఏ తెరలో ఉన్నారో చూసుకోకుండా ఒక్క అక్షరం కూడా కొట్టొద్దని ఆఫీసు వాళ్ళందరికీ గంటసేపు పాఠం చెప్పిన ఘనుణ్ణి నేనే.

నవంబరులో ఒక మంగళవారం గాలివాన పట్టుకుంది. పడవలన్నీ ఆగిపోయాయి. మ్యూర్వేర్ దీవిలో తెర మాత్రం పడవ పది నిమిషాల్లో వస్తోందని చెబుతూనే ఉంది. అక్కడ టికెట్లిచ్చే గున్‌వోర్ గారు ఫోను చేసి చెప్పారు. నేను అక్కడి సర్వరుకు కలిపాను, వేళల పట్టికను ఆపాను, తప్పు సరిచేశాను. పట్టికను మళ్ళీ తెరవడం, అక్కణ్ణుంచి బయటికి రావడం మిగిలాయి. ఆ రెండూ అయిపోయాయనుకున్నాను. ఎందుకనుకున్నానంటే, ఎదురుగా నీలం కొండల బొమ్మ కనిపిస్తోంది. నా కంప్యూటరుకీ అదే బొమ్మ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని అన్ని కంప్యూటర్లకీ ఒకే బొమ్మ పెట్టిన తెలివి కూడా నాదే.

పని లేదు కదా అని, మూడు వారాలుగా మనసులో నలుగుతున్న ఉత్తరం మొదలుపెట్టాను. రాగ్న్‌ఫ్రిడ్ మా బృందగానంలో పాడుతుంది. గ్రంథాలయంలో పాత పుస్తకాలకు కుట్లు వేస్తుంది. నాకు యాభై ఒకటి. విడాకులై ఆరేళ్ళు. ఆమెకు ఎదురుగా నిలబడి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

"ప్రియమైన రాగ్న్‌ఫ్రిడ్, మీ గొంతు వింటే నాలో సర్వర్లన్నీ ఒకేసారి వెలిగినట్టుంటుంది" అని రాశాను. ఎంత బాగా కుదిరిందో అని నాలో నేనే మురిసిపోయాను. తర్వాత, "నా భార్య ట్యూరిడ్ వెళ్ళిపోవడంలో నా తప్పేమీ లేదు. అంతా ఆమె తొందరపాటు" అని కూడా రాశాను.

అప్పుడు నా చెయ్యి కదలకుండానే తెర మీద అక్షరాలు పడ్డాయి.

"ఆ ఆఖరి ముక్క తీసెయ్ నాయనా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవడో దొంగ నా కంప్యూటర్లో దూరాడనుకుని, బల్ల కిందికి దూకి నెట్ వైరు పీకేశాను. లేచి చూద్దును కదా, దొంగతోబాటు ఉత్తరమూ మాయమైంది. వెనక నా అసలు తెర బయటపడింది. దాని మీద ఒక్కటే మాట: మ్యూర్వేర్‌తో సంబంధం తెగిపోయింది.

ఫోను మోగింది. గున్‌వోర్ గారే.

"ఏం నాయనా, పారిపోయావా? నీ ఉత్తరం ఇక్కడ గోడ మీద అలాగే ఉంది."

"మీ కాళ్ళు పట్టుకుంటాను, మూసెయ్యండి!"

"మూసేద్దామనే చూశా. పద్దెనిమిది మంది నా మీద పడ్డారు. పొద్దుటినుంచీ పడవ లేదు, మరి వీళ్ళేం చూడాలి?"

వెనక నుంచి ఒక ముసలి గొంతు అరిచింది. "వాణ్ణడుగు గున్‌వోర్! పెళ్ళాం ఊరికే పోతుందా ఎక్కడన్నా?"

"ఆర్న్‌లియోట్, నోరు మూసుకో. నీ పెళ్ళాం రెండుసార్లు పోయింది." మళ్ళీ నాతో, "వాడు బుద్ధిలేనివాడే కానీ, అడిగింది సబబుగానే ఉంది. ఆ పిల్ల ఎందుకు పోయింది?"

వారానికోసారి టికెట్ల యంత్రం గురించి మాట్లాడే మనిషి. ఆమెకెందుకు చెప్పాలి? కానీ చెప్పాను. ఆరేళ్ళలో ఎవరికీ చెప్పనిది.

"పదకొండేళ్ళు అన్నం బల్ల దగ్గర కూడా నేను తెరే చూశాను. సామాను సర్దుకుంటున్నానని ఆమె చెప్పినప్పుడు, ఒక్క నిమిషం ఆగు, ఇది పూర్తి చేస్తానన్నాను."



"మరి అదే రాయి" అన్నారు గున్‌వోర్ గారు.

వైరు మళ్ళీ తగిలించి అక్కడి సర్వరుకు కలిపాను. పద్దెనిమిది మంది చూస్తుండగా నా తప్పేమీ లేదన్న ఆ రెండు వాక్యాలు చెరిపేసి, గున్‌వోర్ గారికి చెప్పిందే రాశాను. జీవితంలో ఇన్ని అక్షరదోషాలు ఎప్పుడూ చెయ్యలేదు. సర్వర్లు వెలగడం కూడా తీసెయ్యమని అక్కడ ఒక పంతులమ్మ పట్టుబట్టింది. చేతులెత్తి లెక్కపెట్టారు. ఏడుగురు తియ్యమన్నారు, పదకొండు మంది ఉంచమన్నారు. ఉంచాను. పట్టిక తెరిచి, మర్యాదగా బయటికొచ్చి, ఉత్తరాన్ని కాగితం మీద చేత్తో రాసి పోస్టు చేశాను. ఇక కంప్యూటరును నమ్మదలచుకోలేదు.

ఆ సాయంత్రమే రాగ్న్‌ఫ్రిడ్ ఫోను చేసింది.

"మీ ఉత్తరం అందింది."

"ఇంకా పెట్టెలోనే ఉంటుందే?"

"మా వదినది మ్యూర్వేర్. పొద్దున పడవ కోసం ఆ గదిలోనే కూచుంది. ముందు రాసిందీ, తర్వాత రాసిందీ, రెండూ ఫోనులో చదివి వినిపించింది."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఒక్క సంగతి చెప్పండి, తోర్గేర్. మీ తప్పేమీ లేదన్న ఆ వాక్యం మీరు తీశారా, వాళ్ళు తీయించారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "వాళ్ళే తీయించారు. గున్‌వోర్ గారు అడక్కపోతే అలాగే పంపేవాణ్ణి."

ఆమె చాలాసేపు నవ్వింది. "సరే, శనివారం కాఫీకి వస్తాను. ఆ సర్వర్ల మాట ఇంకెవరితోనూ అనకండి."

శనివారం రేవు పక్కన కాఫీ తాగాం. ఆమె వేడి వేడి వాఫెల్ అట్లు తెప్పించింది. ట్యూరిడ్ గురించి నాలుగు ప్రశ్నలడిగింది. మూడింటికి వెంటనే జవాబు చెప్పాను. నాలుగోది, ట్యూరిడ్‌కు ఎప్పుడైనా క్షమాపణ చెప్పారా అని. కప్పు కింద పెట్టి, లేదన్నాను.

"అయితే ఆ క్షమాపణ ముందు రాయండి. ఈసారి గోడ మీద వద్దు" అంటూ తన సంచీలోంచి ఒక కలం తీసి నా ముందు పెట్టింది.